ఇంటి కింద పార్కింగ్‌లో రెండు సీట్ల కిట్ విమానం: రివెట్ల కంటే ముందు పెట్రోల్ సంగతి చూసుకోండి

అడిగిన సంగతి ఇదీ: ఉప్పల్ వైపు సొంతిల్లు, కింద 18 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవున్న పార్కింగ్ స్థలం ఉంది. రొటాక్స్ 912 యూఎల్‌ఎస్ ఇంజన్‌తో ఎగిరే రెండు సీట్ల అల్యూమినియం కిట్ తెప్పించి అక్కడే కట్టుకోవచ్చా? రివెట్లు కొట్టడం ఎంత కష్టం? సామాను రాణిగంజ్‌లో దొరుకుతుందా?

కట్టుకోవచ్చు. శ్రద్ధ ఉంటే రివెట్ పని రెండు మూడు వారాల సాధనతో చేతికి వస్తుంది. రాణిగంజ్‌లో పనిముట్లు చాలావరకు దొరుకుతాయి, విమానంలోకి వెళ్లే సామాను మాత్రం అక్కడ కొనకూడదు. అయితే అసలు ప్రశ్న అడగలేదు. ట్యాంకులో ఏం పోస్తారు, అది ఇంజన్ దాకా ఏ దారిన పోతుంది? అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో ఇంట్లో కట్టిన విమానాల ప్రమాదాలను పరిశీలించినప్పుడు అన్నిటికంటే ఎక్కువగా తేలినవి రెండు: ఇంజన్ శక్తి పోవడం, గాలిలో అదుపు తప్పడం. రివెట్లో తప్పుంటే కంటికి కనిపిస్తుంది, పక్కనున్న పది రివెట్లు ఆ భారాన్ని పంచుకుంటాయి. పైపులో ఇరుక్కున్న సీలెంట్ (లీకులు మూసే జిగురు) ముక్క కనిపించదు, దాని పని ఇంకెవరూ చేయరు. అందుకే కింద ఇంధనం గురించి ఎక్కువ రాశాను.

ముందు కాగితాలు. కిట్‌కు డబ్బు కట్టకముందే బేగంపేట పాత విమానాశ్రయంలో ఉన్న పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కార్యాలయానికి ఫలానా కిట్, ఫలానా ఇంజన్, ఫలానా బరువు అని రాతపూర్వకంగా రాయండి. ఏ వర్గం కిందికి వస్తుంది, కట్టేటప్పుడు ఏయే దశల్లో తనిఖీ కావాలి అన్నది వాళ్ల జవాబు మీదే ఆధారపడాలి. కిట్ కంపెనీల వెబ్‌సైట్లలో కనిపించే 51 శాతం నియమం (సగానికి పైగా పని కట్టుకునేవాళ్లే చేయాలన్నది) అమెరికాది, అది పాటించినంత మాత్రాన ఇక్కడ అనుమతి వచ్చినట్టు కాదు. పాత వ్యాసాలు 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టాన్ని చెబుతాయి, దాని స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లో ఉంది. ముంబయిలో అమోల్ యాదవ్ మేడ మీద కట్టిన ఆరు సీట్ల విమానాన్ని 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో జనం చూశారు. దానికి రిజిస్ట్రేషన్ 2017లో, ఎగరడానికి పర్మిట్ 2019లో వచ్చాయి. ఆయనది సొంత డిజైన్ కాబట్టి దారి ఇంకా కష్టం. కిట్ అయినా కాగితాలకు ఏళ్లు పట్టవచ్చని లెక్కలో వేసుకోండి. రేడియో పెడితే టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం నుంచి విడిగా లైసెన్స్ తీసుకోవాలి. దిగుమతి సుంకం ఎంతో కస్టమ్స్ ఏజెంటును ముందే అడగండి. విడిభాగాలుగా వస్తే ఒక లెక్క, మొత్తం విమానంగా వస్తే ఇంకో లెక్క పడవచ్చు.

కిట్ మొత్తం ఒకేసారి తెప్పించకండి. చాలా కంపెనీలు తోక, రెక్కలు, ఫ్యూజ్‌లాజ్ (విమానం మొండెం), ఫినిషింగ్ అని విడివిడిగా అమ్ముతాయి. తోక కిట్ ముందు తెప్పించి కట్టండి. అందులో అన్ని రకాల పనీ ఉంటుంది, పాడైతే పోయేది తక్కువ. ఇంజన్ చివర్లోనే కొనండి. డబ్బాలో పడి ఉన్నా రబ్బరు గొట్టాల వయసు పెరుగుతూనే ఉంటుంది, రొటాక్స్ వాటిని ఐదేళ్లకు మార్చమంటుంది.

మీ స్థలం సరిపోతుంది, ఇరుకుగా సరిపోతుంది. ఫ్యూజ్‌లాజ్, రెక్కలు ఒకేసారి నేల మీద పట్టవు. పూర్తయిన రెక్కలను ముందంచు కిందికి వచ్చేలా పరుపు వేసిన చెక్క ఊయల స్టాండులో నిలబెట్టి గోడ పక్కన పెట్టాలి. గేటు వెడల్పు ఇప్పుడే కొలవండి. చక్రాల గేరు బిగించాక వెడల్పు పెరుగుతుంది. వీధిలోకి డీసీఎం వచ్చి తిరిగే చోటుందో లేదో కూడా చూడండి, రెక్కలు, ఫ్యూజ్‌లాజ్ నాదర్‌గుల్ లాంటి ఎయిర్‌ఫీల్డుకు వెళ్లేది దాంట్లోనే. మూడు వైపులా తెరిచి ఉన్న పార్కింగ్ అయితే కనీసం రెండు వైపులు మూయించాలి. దుమ్ము కోసమే కాదు, ఎండ కోసం కూడా. మీటరు అల్యూమినియం ఒక్కో డిగ్రీకి 0.023 మిల్లీమీటర్లు సాగుతుంది. 2.4 మీటర్ల స్కిన్ రేకు మీద ఎండ పడి లోపలి స్పార్ (రెక్క పొడవునా ఉండే దూలం) కంటే 20 డిగ్రీలు వేడెక్కితే రేకు దాదాపు 1.1 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. ఆ స్థితిలో రివెట్ కొడితే చల్లారాక స్కిన్ బిగుసుకుపోయి ఫ్రేమును లాగుతుంది. తిరగేసి స్పార్ వేడిగా, స్కిన్ చల్లగా ఉన్నప్పుడు కొడితే నూనె డబ్బా అడుగులా టప్‌టప్‌మని లోపలికీ బయటికీ కొట్టుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో స్కిన్ పని పొద్దున 9 లోపు ముగించండి. రివెట్ గన్ చప్పుడు గోడలు దాటి వినిపిస్తుంది కాబట్టి సాయంత్రం 7 తర్వాత బర్రు (రంధ్రం అంచున లేచే ముళ్లు) తీయడం, ప్రైమర్ కొట్టడం లాంటి పనులు పెట్టుకుంటే ఇరుగుపొరుగుతో మాట పడదు.

రాణిగంజ్‌లో నిశ్చింతగా కొనదగినవి: 2 హార్స్‌పవర్ కంప్రెసర్, తేమ పట్టే ఫిల్టర్, రెగ్యులేటర్, బెంచ్ గ్రైండర్, వైస్, ఫైళ్లు, స్టీలు స్కేళ్లు, క్లాంపులు. వానాకాలంలో కంప్రెసర్ ట్యాంకు నీళ్లు రోజూ వదలాలి. రివెట్ కొట్టేటప్పుడు వెనక ఆనించే బకింగ్ బార్లు బాలానగర్‌లో ఏ మెషిన్ షాపులోనైనా ఈఎన్ 24 స్టీలుతో చేయించుకోవచ్చు. కిలో, కిలోన్నర బరువు, కొట్టే ముఖం అద్దంలా పాలిష్, మూలలు గుండ్రంగా ఉండాలి. టార్క్ రెంచి ఎక్కడ కొన్నా సరే, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో కాలిబ్రేట్ చేయించి ఆ కాగితం లాగ్ పుస్తకంలో పెట్టండి.

బయటి నుంచే తెప్పించుకోవలసినవి డ్రిల్ బిట్లు, క్లెకోలు (రివెట్ కొట్టేదాకా రేకులను పట్టి ఉంచే పిన్నులు), డింపుల్ డైలు (రివెట్ తల దిగేలా రంధ్రం చుట్టూ గుంట వేసేవి). 3/32 అంగుళం రివెట్‌కు 40 నంబరు బిట్, అంటే 2.49 మిల్లీమీటర్లు, కాబట్టి మన 2.5 బిట్ సరిపోతుంది. 1/8 రివెట్‌కు మాత్రం 30 నంబరు బిట్, 3.26 మిల్లీమీటర్లు. ఇక్కడ దొరికే 3.2 బిట్‌తో రంధ్రం బిగుతవుతుంది, 3.3తో వదులవుతుంది. వదులు రంధ్రంలో రివెట్ కాడ వంగి పక్కకు పడుకుంటుంది. క్లెకోలు వెండి రంగువి 3/32కు, రాగి రంగువి 1/8కు. రెండూ కలిపి 400 లేకపోతే స్కిన్ మీద పని సాగదు.

బోల్టుల దగ్గర రాజీ వద్దు. బజారులో దొరికే 8.8 గ్రేడు బోల్టు బలం విమానాల కోసం చేసే ఏఎన్ బోల్టుకు దగ్గర్లోనే ఉంటుంది కదా అని చాలామంది వాదిస్తారు. బలం ఒక్కటే కాదు లెక్క. ఏఎన్ బోల్టులో మర లేని నున్నటి కాడ పొడవు 1/8 అంగుళం తేడాలతో దొరుకుతుంది, భారం మోసేది ఆ నున్నటి భాగమే. బజారు బోల్టులో మరలు రంధ్రంలోకి దిగి రేకును రంపంలా కోస్తాయి. పైగా ఆ బోల్టు ఏ లోహమో చెప్పే కాగితం ఉండదు. పాప్ రివెట్లకూ, వైర్లకూ ఇదే మాట. కార్ల వైరు పైపొర పీవీసీ, కాలితే కాక్‌పిట్ విషపు పొగతో నిండుతుంది. టెఫ్‌జెల్ పొర ఉన్న తగరం పూత వైరే వాడాలి: 22 గేజికి 5 ఆంపియర్ల బ్రేకర్, 20కి 7.5, 18కి 10.

ఇక రేకు పని. రంధ్రం మధ్య నుంచి అంచుకు కనీసం రివెట్ మందానికి రెండింతల దూరం ఉండాలి, 1/8 రివెట్‌కు 6.4 మిల్లీమీటర్లు. కొట్టక ముందు రివెట్ కాడ అవతల ఒకటిన్నర మందం బయటికి రావాలి. కొట్టాక అవతలి తల వెడల్పు ఒకటిన్నర మందం, ఎత్తు సగం మందం. అంటే 1/8కి 4.8 వెడల్పు, 1.6 ఎత్తు, 3/32కి 3.6 వెడల్పు, 1.2 ఎత్తు. గాలి ఒత్తిడి 1/8కి 40 పీఎస్‌ఐ దగ్గర, 3/32కి 25 నుంచి 30 మధ్య మొదలుపెట్టి పారేసే ముక్కల మీద సరిచూసుకోండి. ఒత్తిడి తక్కువ పెట్టి పదేసి సెకన్లు కొడితే లోహం గట్టిపడి తల పగులుతుంది. రెండు మూడు సెకన్లలో పని అయిపోవాలి.

డింపుల్ వేయకముందు బర్రు తప్పక తీయాలి, లేకపోతే రంధ్రం చుట్టూ సన్నటి చీలికలు వస్తాయి. అలాగని బిట్‌ను గిరగిరా తిప్పి అంచును కత్తిలా చేస్తే అదీ చీలికే. అల్యూమినియం మీద పెన్సిల్‌తో గీయకండి. గ్రాఫైట్ తుప్పుకు బీజం వేస్తుంది, మార్కర్ వాడండి. స్టీల్ ఊల్ దగ్గరికి రానివ్వకండి. రేకు మీద వచ్చే నీలం ప్లాస్టిక్ పొరను గీతలు పడకుండా కాపాడుతుందని ఏళ్ల తరబడి ఉంచేస్తుంటారు. మన ఎండకు అది అతుక్కుపోతుంది, కింద తేమ చేరి పురుగు తొలిచినట్టు తుప్పు గీతలు పడతాయి. రివెట్ లైన్ల వెంట వేడి చేసిన పాత సోల్డరింగ్ ఐరన్ గుండ్రటి మొనతో పొరను మాత్రమే కోసి తీసేయండి, మొన రేకుకు గుచ్చుకోకూడదు.

కొత్తవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది చెడిన రివెట్‌ను తీసేటప్పుడే. తల కాస్త వంకరగా ఉన్నా కొలతల్లో ఉంటే వదిలేయండి. తీసే ప్రయత్నంలో రంధ్రం ఎనిమిది అంకెలా మారడం అంతకంటే ప్రమాదం. తీయక తప్పకపోతే తల లోతు వరకే డ్రిల్ చేసి, పంచ్‌తో తలను విరిచి, వెనక బార్ ఆనించి కాడను బయటికి కొట్టాలి. 3/32 రంధ్రం పెద్దదైపోతే ఎన్‌ఏఎస్ 1097 ఏడీ4 రివెట్ ఉంది. దాని కాడ 1/8, తల మాత్రం చిన్నది, అదే డింపుల్‌లో దాదాపు సరిపోతుంది. వంద దగ్గర ఉంచుకోండి.

టార్క్ సంగతి: ఏఎన్3 బోల్టుకు 2.3 నుంచి 2.8 న్యూటన్ మీటర్లు, ఏఎన్4కు 5.6 నుంచి 7.9, ఏఎన్5కు 11.3 నుంచి 15.8. లాక్ నట్ తిరగడానికే కొంత బలం పడుతుంది. దాన్ని ముందు కొలిచి ఈ అంకెకు కలపాలి. కలపకపోతే రెంచి టక్కుమన్నా జాయింటు వదులుగానే ఉంటుంది. కిట్ మాన్యువల్ వేరే అంకె చెబితే దాన్నే పాటించండి. ఏ పెట్టె మూసే ముందైనా లోపలి ప్రతి రివెట్ వరస ఫొటో, తేదీ లాగ్‌లోకి ఎక్కాలి. తనిఖీకి వచ్చినవాళ్లు మూసిన రెక్క లోపల చూడలేరు.

ఇప్పుడు పెట్రోల్. ఎక్కువమంది పొరబడే చోటు ఇది. రొటాక్స్ 912 యూఎల్‌ఎస్‌కు కనీసం 95 ఆక్టేన్ కావాలి, ఇథనాల్ 10 శాతం మించకూడదు. 2025 నాటికి మన బంకుల్లో మామూలు పెట్రోల్ దాదాపుగా ఈ20, అంటే 20 శాతం వరకు ఇథనాల్. స్కూటర్‌లో పోసేది విమానంలో పోయడానికి లేదు. ఇథనాల్ ట్యాంకు లోపల పూసిన పాత రకం స్లాష్ సీలెంట్‌ను పొరలుపొరలుగా లేపుతుంది, కొన్ని ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల రెసిన్‌ను మెత్తబరుస్తుంది, రబ్బరును ఉబ్బిస్తుంది, గాలిలో తేమను పీల్చుకుంటుంది. కార్బ్యురేటర్ జెట్లు మామూలు పెట్రోల్‌కు లెక్కకట్టినవి కాబట్టి మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది.

ఏ బంకు పెట్రోల్‌నైనా ఇంట్లోనే పరీక్షించవచ్చు. 100 మిల్లీలీటర్ల కొలజాడీలో 10 గీత దాకా నీళ్లు, పైన 100 దాకా పెట్రోల్ పోయండి. మూత పెట్టి బాగా కుదిపి పది నిమిషాలు ఆగండి. అడుగు పొర 10 దగ్గరే ఆగితే ఇథనాల్ లేదు. 19 దాకా లేస్తే 10 శాతం. 25 దాటితే అది ఈ20. ఇథనాల్ లేదని చెప్పి అమ్మే 100 ఆక్టేన్ పెట్రోల్‌ను కూడా ప్రతి డబ్బా ఇలాగే చూసి పోయాలి.

రెండో దారి విమానాల కోసం చేసే పెట్రోల్, ఏవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్. ఇండియన్ ఆయిల్ 2022లో దీన్ని దేశంలోనే తయారుచేయడం మొదలుపెట్టింది. ఇథనాల్ లేదు, వేడికి తొందరగా ఆవిరి కాదు, కానీ సీసం ఉంది. ఆ సీసం ఆయిల్ ట్యాంకులో, గేర్‌బాక్సులో బురదలా పేరుకుంటుంది. అందుకే ఎక్కువగా ఏవ్‌గ్యాస్‌తో నడిపితే ఆయిల్ మామూలు కంటే తొందరగా మార్చాలి. పూర్తి సింథటిక్ ఆయిల్ సీసాన్ని తనలో కలుపుకోలేదు, సెమీ సింథటిక్ వాడాలి. హైదరాబాద్ ఎండలకు ఏవ్‌గ్యాస్ మేలని నా అభిప్రాయం, ఆయిల్ ఖర్చు ఎక్కువైనా సరే. ఇక నిల్వ: లైసెన్స్ లేకుండా ఇంట్లో 30 లీటర్లకు మించి పెట్రోల్ ఉంచకూడదు. మనుషులు పడుకునే గదుల కింద ఆ 30 కూడా వద్దు.

పైపుల విషయంలో వేడే అసలు శత్రువు. మే నెలలో ఎగిరి వచ్చి ఇంజన్ ఆపి అరగంట తర్వాత మళ్లీ స్టార్ట్ చేస్తే, కౌలింగ్ (ఇంజన్ మీది మూత) లోపలి వేడికి పైపులో పెట్రోల్ ఆవిరై బుడగలు కడుతుంది, పంపు ఆ బుడగలనే నములుతుంది. దీనికి మందు రిటర్న్ లైన్: 0.35 మిల్లీమీటర్ల సన్నటి రంధ్రం గుండా కొంత ఇంధనం ఆవిరితో సహా ట్యాంకుకు తిరిగిపోతుంది. కొందరు పైపులు తగ్గుతాయని దీన్ని తీసేస్తారు. ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య అడ్డుగోడ) ముందున్న ప్రతి ఇంధన పైపు మీదా ఫైర్ స్లీవ్ (మంటను తట్టుకునే తొడుగు) ఉండాలి, పైపు ఎగ్జాస్ట్‌కు దూరంగా, దాని కింది నుంచి వెళ్లాలి. ప్రెషర్ గేజిలో 0.15 నుంచి 0.4 బార్ మధ్య కనిపించాలి.

ట్యాంకు సీలింగ్‌కు పాలీసల్ఫైడ్ సీలెంట్ తూకం వేసి కలపాలి, కంటి అంచనాతో కాదు. తూకం తప్పితే గట్టిపడదు, తర్వాత ముక్కలుగా ఊడి ఫిల్టరు దాకా వస్తుంది. మన ఎండాకాలంలో డబ్బా మీద రాసిన సమయంలో సగానికే అది బిగుసుకుంటుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోండి. లీక్ పరీక్షకు కంప్రెసర్ తగిలించకండి, 3 పీఎస్‌ఐ దాటితే ట్యాంకు ఉబ్బి పాడవుతుంది. వెంట్ గొట్టానికి (ట్యాంకులోకి గాలి వచ్చే దారి) బెలూన్ కట్టి, సైకిల్ పంపుతో బెలూన్ నిలబడే వరకు గాలి కొట్టి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాయండి. పగలు రాత్రి ఉష్ణోగ్రత మారితే బెలూన్ కూడా మారుతుంది. దాన్ని చూసి కంగారుపడవద్దు, బుడగలనే నమ్మండి.

అన్నీ బిగించాక ప్రవాహ పరీక్ష. ముక్కు పైకి లేచేలా, ఎక్కేటప్పటి కోణంలో విమానాన్ని నిలబెట్టండి, తోక కింద గుంట తవ్వవలసి వచ్చినా సరే. ట్యాంకులో కొద్ది ఇంధనమే పోసి, కార్బ్యురేటర్ దగ్గర పైపు విప్పి కొలజాడీలో పట్టండి. పూర్తి శక్తితో ఈ ఇంజన్ గంటకు 27 లీటర్లు తాగుతుంది. పంపుతో అయితే 125 శాతం, అంటే లీటరు 107 సెకన్ల లోపు రావాలి. భూమ్యాకర్షణతోనే వచ్చే వ్యవస్థ అయితే 150 శాతం, లీటరు 89 సెకన్ల లోపు. రాకపోతే ముందు వెంట్ చూడండి. మన దగ్గర మట్టి గూళ్లు కట్టే కందిరీగలు ఒక్క మధ్యాహ్నంలో వెంట్ గొట్టాన్నీ, వేగం కొలిచే పిటాట్ గొట్టాన్నీ మూసేయగలవు. నిలిపి ఉంచినప్పుడు రెండింటికీ సన్న జల్లెడ ఉన్న మూతలు, వాటికి ఎర్ర రిబ్బన్లు ఉండాలి.

బరువు తూచేటప్పుడు మూడు చక్రాల కింద మూడు తూకాలు, విమానం సమతలంలో ఉండాలి. ఊహా లెక్క ఒకటి చూడండి. స్పిన్నర్ (ప్రొపెల్లర్ ముందుండే టోపీ) కొన నుంచి ముక్కు చక్రం 0.70 మీటర్లు, ప్రధాన చక్రాలు 2.15 మీటర్లు. ముక్కు చక్రం మీద 70 కిలోలు, మిగతా రెండింటి మీద కలిపి 210. మొత్తం 280 కిలోలు, మూమెంట్ (బరువును దూరంతో గుణిస్తే వచ్చేది) 500.5, గురుత్వ కేంద్రం 1.79 మీటర్ల దగ్గర. 2.20 దగ్గర 80 కిలోల పైలట్, 2.45 దగ్గర 60 లీటర్లు, అంటే 43.2 కిలోల ఇంధనం చేరితే కేంద్రం 1.94కు జరుగుతుంది. సీటు వెనక 2.90 దగ్గర 15 కిలోల సంచి పెడితే 1.97 దాటుతుంది. కేంద్రం వెనక పరిమితి దాటిన విమానం స్టాల్ అయితే, అంటే రెక్కల లేపే శక్తి పోతే, తిరిగి ముక్కు దించకపోవచ్చు. రంగు వేశాక మళ్లీ తూచాలి. చాలామంది మానేస్తారు, తోక మీద పడ్డ రంగు బరువు లెక్కలోకి రాకుండా పోతుంది.

తొలి ఎగురుట నవంబరు, ఫిబ్రవరి మధ్య పొద్దునే పెట్టుకోండి. శంషాబాద్ ఎత్తు సుమారు 2,000 అడుగులు. 40 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి 5,500 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచగా ఉంటుంది, 15 డిగ్రీల జనవరి ఉదయం 2,500 దగ్గరే ఉంటుంది. కొత్త ఇంజన్‌కు, కొత్త రెక్కకు ఆ 3,000 అడుగుల తేడా చాలా పెద్దది. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ మధ్య గగనతలం అంతా నియంత్రణలోనే ఉంటుంది కాబట్టి పొలం దారి మీద నుంచి ఎగరాలన్న ఆలోచన వద్దు. ఆ రకం విమానం మీద ఈమధ్యనే గంటలు ఎగిరిన పైలట్ చేతే మొదటిసారి ఎగిరించండి, కట్టినవాళ్లే ఎగరాలన్న పట్టుదల వద్దు.

దానికి ముందు నేల మీద కనీసం రెండు గంటలు ఇంజన్ నడపండి. ప్రతిసారీ ఆపాక గ్యాస్‌కొలేటర్ (ఇంధనంలోని నీళ్లు, మురికి పట్టేది) గిన్నె విప్పి తెల్ల గుడ్డ మీద వంచండి. మొదటి రెండు మూడుసార్లు అల్యూమినియం రజను, సీలెంట్ నలుసులు తప్పకుండా వస్తాయి. ఫిల్టరు మార్చి మళ్లీ నడపండి, రెక్కలు అటూ ఇటూ ఊపి ట్యాంకు మూలల్లో ఉన్నది కూడా కదిలేలా చేయండి. వరసగా మూడుసార్లు గుడ్డ శుభ్రంగా కనిపించే వరకు టాక్సీ పరుగులు (నేల మీద నడపడం) కూడా మొదలుపెట్టవద్దు.